దర్జీ వేసిన గాలం

గోదావరి పాయల నడుమ ఉన్న పొన్నలంకలో, తెలియని సంగతిని తెలియదని చెప్పడానికి మహా నామోషీ పడే కోదండం అనే దర్జీ ఉండేవాడు.

అతనిది అసలు మెట్ట ఊరు. వరహాలును పెళ్లి చేసుకుని ఇల్లరికం వచ్చి ఇరవై ఆరేళ్లయింది. వచ్చిన కొత్తలో ఒకనాడు రేవులో రెండు పడవలు కనిపించాయి. ఏది ఏ ఊరికి పోతుందో అడగడం చిన్నతనమనిపించి, కళ్లకు నచ్చిన పడవ ఎక్కి దర్జాగా కూర్చున్నాడు. అది అతన్ని అవతలి లంకలో దించింది. మర్నాడు ఇల్లు చేరి, "అక్కడ కాస్త పనుండి వెళ్లాను" అన్నాడు. ఆ పనేమిటో వరహాలుకు ఇప్పటికీ తెలియదు.

అంతమాత్రాన చెడ్డవాడు కాదు. చేతిపని బంగారం. కుట్టు నేర్పమని ఎవరు వచ్చినా విసుక్కోకుండా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. చెప్పడం అతనికి మహా సరదా. అడగాలంటేనే నోరు పెగిలేది కాదు.

పొన్నలంకలో ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తే, కాన్పయిన ఇరవై ఒకటో రోజున కన్నతండ్రి తన గాలంతో పట్టిన చేపను పులుసు పెట్టించి, తొలిముద్ద తన చేత్తో తినిపించి పత్యం విడిపించాలి. కొన్న చేప పనికిరాదు. వలలో పడిందీ పనికిరాదు. తండ్రికి చేతకాకపోతే మేనమామ గాలం వేస్తాడు, అప్పుడు తొలిముద్ద మేనమామే పెడతాడు.

కోదండానికి ఒక్కతే కూతురు, లోవకుమారి. ఆ ఏడు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని చూసి కోదండం పొంగిపోయాడు. ఉయ్యాల గుడ్డకు అంచులు తానే కుట్టాడు. చేప సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం అతనికి గుండెలో రాయి పడేది. పుట్టి బుద్ధెరిగాక అతను గాలం పట్టింది లేదు.

పదిహేడో రోజున వరహాలు ఉండబట్టలేక, "ఏవండీ, మా వీరకాంతం పిన్నిని అడగకూడదూ? ఈ లంకలో గాలం వేయడంలో ఆవిడ తరవాతే ఎవరైనా" అంది.

"చేపని పట్టడం కూడా ఒక బ్రహ్మవిద్యేనా? సూదీ దారమూ పట్టిన చెయ్యి ఇది" అన్నాడు కోదండం.

ఆ పూటే టౌనుకు వెళ్లి గాలాలమ్మే కొట్టు వెతికి పట్టుకున్నాడు. కొట్టతను మర్యాదగా, "ఏ నీళ్లకండి? కాలవకా, చెరువుకా, సముద్రానికా?" అని అడిగాడు.

దేనికైతే ఏం తేడానో కోదండానికి తెలియదు. "నీ దగ్గరున్నవాటిలో గట్టిది ఇవ్వవయ్యా. ఇలాంటివి ఎన్ని చూశాం!" అన్నాడు. కొట్టతను సముద్రానికని అనుకుని, నిలువెత్తు మనిషిని మించిన కర్ర, దానికో చక్రం, పురికొసంత లావు నైలాన్ దారం, చిటికెన వేలంత గాలపు ముల్లు తీసిచ్చాడు. ఆ సరంజామా భుజాన వేసుకుని కోదండం పడవ దిగుతుంటే రేవంతా కళ్లప్పగించి చూసింది. అది మెచ్చుకోలనుకుని అతను తల ఇంకాస్త ఎత్తి నడిచాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున్నే గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని రేవు మెట్టు మీద నిలబడ్డాడు. అన్నం ముద్దలు ముల్లుకు గుచ్చి విసిరాడు. అవి నీళ్లు తగలగానే కరిగిపోయాయి. మళ్లీ గుచ్చాడు, మళ్లీ కరిగాయి. ముప్పై అడుగుల దూరంలో వీరకాంతం గొంతుకూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. చేతిలో మామూలు వెదురు కర్ర. పొద్దెక్కేలోగా ఆమె బుట్టలో మూడు చేపలు పడ్డాయి.

"ఏం అల్లుడూ, పడుతున్నాయా?" అంది ఆమె. కోదండం ఊరి అల్లుడు కనుక ఆమెకూ అల్లుడే.

"పడతాయత్తా, ఇంకా బోల్డంత పొద్దుంది" అన్నాడు కోదండం ఓరకంటితో ఆ బుట్ట చూస్తూ. ఆమె తన గాలం వైపు తిరిగింది. అడగనివాళ్లకు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

మర్నాడు పెద్ద రొయ్యను గుచ్చి వేశాడు. ఈసారి ఏదో పట్టేసింది! కర్ర విల్లులా వంగింది. "పడింది, పడిందోయ్!" అని కేక పెట్టి, రెండు చేతులా బలం కొద్దీ వెనక్కి గుంజాడు. ఒక్కసారిగా దారం వదులైపోయింది. కోదండం వెల్లకిలా బురదలో పడ్డాడు. లేచి చూసుకుంటే దారం కొసన ముల్లు లేదు. ముడి ఊడిపోయిన చోట దారం మెలికపడి ఉంది. తన జన్మలో కోదండం వేసిన ముడి ఊడిపోవడం అదే మొదటిసారి. పడవలో వెళ్తున్నవాళ్లు పకపకా నవ్వారు.

"ఏం పడింది నాన్నా?" అంది లోవ గుమ్మంలోనే ఎదురై.

"నీళ్లు బాగా లేవమ్మా ఇవాళ" అన్నాడు కోదండం. లోవ అతని వీపు మీద బురద చూసి మరి రెట్టించలేదు.

సాయంత్రం బావమరిది గంగరాజు వచ్చాడు. పడవ నడుపుకునే మనిషి, బావంటే ప్రాణం. అరుగు మీద పక్కనే కూర్చుని గొంతు తగ్గించాడు.

"మీరేం బెంగపడకండి బావా. ఎల్లుండి తెల్లారేసరికి నా వలలో పడ్డ చేపని తెచ్చి మీ గాలానికి తగిలించేస్తాను. మూడో కంటికి తెలీదు."

కోదండానికి ప్రాణం లేచొచ్చినట్టయింది. సరేనని తలూపబోయాడు. లోపలి నుంచి లోవ వినేసింది. పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ చేప నాకొద్దు మావయ్యా. నాన్నకి చేతకాలేదని చెప్పి నువ్వే గాలం వేసి పట్టు, నువ్వే తినిపించు, కళ్లకద్దుకుని తింటాను. దొంగచాటు ముద్ద మాత్రం నాకు దిగదు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, రాకపోతే రాదను. అందులో ఏం పోయింది?"

కోదండం తల వంచుకున్నాడు. కూతురు చేత మాట పడ్డందుకు కాదు, తలూపబోయినందుకు సిగ్గేసింది.

ఇరవయ్యో రోజు పొద్దున కోదండం ఖాళీ చేతులతో రేవుకు వెళ్లి వీరకాంతం వెనక నిలబడ్డాడు. రెండుసార్లు దగ్గాడు. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. చివరికి, "అత్తా, నాకు గాలం వేయడం రాదు. కాస్త నేర్పుతావా?" అన్నాడు.

ఆమె నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే, "ఆ మాట అనడానికి ఇరవై ఆరేళ్లు పట్టిందేంటయ్యా! ముందు ఆ తెల్లచొక్కా విప్పు. నీళ్లలో మెరిసిపోయి చేపలు హడలి చస్తున్నాయి. ఎండకి ఎదురుగా వచ్చి కూర్చో. నీ నీడ నీళ్లలో పడితే అవి దగ్గరికి రమ్మన్నా రావు" అంది.

కోదండం చొక్కా మడిచి పక్కన పెట్టి కూర్చున్నాడు. ఆమె బుట్టలోంచి సన్నటి నైలాన్ దారం, గోటి పాటి ముల్లు తీసి అతని చేతిలో పెట్టింది.

"నీ టౌను ముల్లు తిమింగలానికి. మన పాయలో చేప నోరెంతుంటుందో, ముల్లు దానికి తగ్గట్టుండాలి. ముడి ఎలా వేశావు నిన్న?"

కోదండం దారాన్ని చూపుడు వేలికి చుట్టి, బొటనవేలితో నులిమి లాగి చూపించాడు. దర్జీలందరూ వేసే ముడే అది.

"అదీ సంగతి! నూలుదారానికి గరుకుంటుంది కాబట్టి నీ ముడి పట్టుకుంటుంది. ఇది నున్నటి దారం, జారిపోతుంది. ముల్లు కంతలో దూర్చి, కొసని దారం చుట్టూ ఆరు మెలికలు తిప్పు. కంత దగ్గర సందు మిగిలింది చూశావా, అందులోంచి కొస తీసుకురా. ఇప్పుడు ఉమ్మితో తడిపి మెల్లగా బిగించు. పొడిగా లాగావా, రాపిడికి దారం చచ్చిపోతుంది."

మూడోసారికే కోదండం ముడి కుదిరింది. వేళ్లకు దారంతో స్నేహం ఉంది కదా! వీరకాంతం పీకి చూసి, "బాగుంది" అంది. తరవాత నీళ్ల మీద తేలే బెండు ముక్క ఎంత ఎత్తున కడితే ఎర అడుగుకు జానెడు పైన వేలాడుతుందో, ముల్లు మొన మునిగేలా వానపామును ఎలా గుచ్చాలో, దారం కదలకుండా ఎంత చిన్న సీసం ముక్క చాలునో చూపించింది. పాయలో పెరిగిన గుర్రపుడెక్క మొక్కల అంచున, నీడ పట్టున తవుడు ముద్దలు రెండు విసిరి, చేపలు అక్కడే చేరతాయని చెప్పింది.

"బెండు వణికిందనుకో, చేప వాసన చూస్తోందన్నమాట. అప్పుడు లాగకు. బెండు పక్కకి నడిచి బుడుంగుమని మునిగిందా, మణికట్టుతో ఒక్క చిన్న విసురు. తరవాత పెనుగులాడకు. అది పరిగెడితే కాస్త వదులు, ఆగితే కాస్త లాగు. సూది కింద గుడ్డని వదిలినట్టే. నీకు చెప్పాలా?"

కోదండం వానపామును ముల్లుకు గుచ్చుతూ, "నిన్న నన్ను చూసి నవ్వుకున్నావు కదత్తా?" అని అడిగాడు.

"నవ్వుకున్నాను, ఎందుకు నవ్వుకోనూ! బురదలో పడ్డందుకు నవ్వుకున్నాను. రానందుకు కాదు." ఆమె గాలం ఒడ్డున పెట్టి అతని వైపు తిరిగింది. "యాభై అయిదేళ్ల వయసులో నీ కొట్టుకొచ్చి, కాజాలు కుట్టడం నేర్పవయ్యా అన్నాను, గుర్తుందా? ఆ రోజు నువ్వు నవ్వావా?"

"అయ్యో, ఎందుకు నవ్వుతానత్తా! నీ శ్రద్ధకి ముచ్చటేసింది."

"మరి నేనడిగితే ముచ్చటేంటి, నువ్వడిగితే నామోషీ ఏంటి?"

కోదండం ఇంకో దారం ముక్క తీసుకుని ముడి మళ్లీ మొదటి నుంచి వేశాడు.

ఇరవై ఒకటో రోజు తెల్లవారింది. కోదండం ముతక చొక్కాతో, వెదురు కర్రతో గుర్రపుడెక్క పక్కన ఒక్కడే కూర్చున్నాడు. వీరకాంతం దూరంగా తన చోట కూర్చుని కావాలనే ఇటు చూడటం లేదు. బెండు వణికింది. కోదండం ఆత్రం ఆపుకోలేక లాగేశాడు. ఉత్త ముల్లు వచ్చింది. మధ్యాహ్నానికి పులుసు ఉడకాలి. నిదానంగా మళ్లీ వానపామును గుచ్చి వేశాడు.

చాలాసేపటికి బెండు మళ్లీ వణికింది. ఈసారి కోదండం లాగలేదు. బెండు పక్కకి రెండడుగులు నడిచి బుడుంగుమంది. మణికట్టు విసిరాడు. బరువు తగిలింది! చేప గుర్రపుడెక్క కిందికి పరిగెత్తింది. అతను వదిలాడు. అది ఆగింది. అతను లాగాడు. కుట్టుమిషను ముందు ఎన్నేళ్లు కూర్చున్న చెయ్యి! ముడి జారలేదు. చివరికి మోచెయ్యంత శీలావతి చేప ఒడ్డెక్కి తళతళలాడింది. కోదండం దాన్ని రెండు చేతులా పట్టుకుని వీరకాంతం వైపు ఎత్తి చూపించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం లోవ పీట మీద కూర్చుంది. కోదండం ముళ్లన్నీ ఏరి, పులుసుముద్ద కూతురి నోటికి అందించాడు. ఆమె కళ్లు మూసుకుని తిని, "ఇంకో ముద్ద నాన్నా" అంది.

వచ్చినవాళ్లలో ఒకాయన, "ఏమయ్యా కోదండం, ఈ విద్య ఎప్పుడు నేర్చావు?" అన్నాడు.

పాత కోదండమైతే మీసం దువ్వేవాడే. కొత్త కోదండం అందరూ వినేలా, "నాకు రాదండీ. నిన్ననే వీరకాంతం అత్తని అడిగి నేర్చుకున్నాను" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. గంగరాజు మాత్రం దగ్గరికి జరిగి, "బావా, పెద్ద చేప పడినప్పుడల్లా నా ముడీ జారిపోతోంది. లంకలో పుట్టి ఎలా అడుగుతాంలే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ ముడేదో నాకూ చూపించవా?" అన్నాడు.

"దారం తే" అన్నాడు కోదండం, చెయ్యి కడుక్కుంటూ.

తెలియని దాన్ని అడిగి తెలుసుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. చెప్పేవాళ్లు పక్కనే ఉండగా అడగకుండా ఊరుకోవడమే అసలైన తెలివితక్కువతనం.