ఇంకా తెగని నాలుక

జరగని సంగతి ఎవరి నోట వచ్చినా నాలుక కోయిస్తానని చాటింపు వేయించాడు భీమకంపరాజు. ఆయన లెక్కలో కథంటే అబద్ధమే. దాంతో ఊళ్ళో అమ్మమ్మలు సైతం నోళ్ళు కట్టేసుకున్నారు.

మంత్రసాని ఎర్రక్క మాత్రం మానలేదు. నొప్పులు పడే తల్లికి పుట్టబోయే బిడ్డ కథ చెప్పడం ఆమె పద్ధతి. "అదిగో, నీ కూతురు ఏనుగెక్కి వస్తోంది, దారివ్వవే తల్లీ!" అంటుండగా భటులు విన్నారు. బిడ్డ బయటపడగానే ఎర్రక్కను సభకు ఈడ్చుకొచ్చారు.

"పుట్టని పిల్లకి ఏనుగేంటే? రేపు తెల్లారేసరికి నీ నాలుక తెగిపడుతుంది!" అని రాజు గర్జించాడు.

ఎర్రక్క తలెత్తి అడిగింది. "తెగిందా దొరా?"

"ఇంకా లేదు."

"మరి తమరు చెప్పిందీ జరగనిదే గదా! అయినా చూడండి, నా కాళ్ళెలా వణుకుతున్నాయో. తెగని నాలుక కథకే నేనింత బెదిరిపోతే, పుట్టని బిడ్డ కథ వింటే ఆ తల్లికి ఎంత ధైర్యం రావాలి?"

కత్తి పట్టుకున్న తలారి, ముందు ఎవరి నాలుక కొయ్యాలో తెలియక రాజు వైపు చూశాడు. రాజు చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఆ చాటింపును వెనక్కి తీసుకోమని సైగ చేశాడు.