ఎవరూ అడగని పాట

"అడిగిన పాట చిటికెలో వస్తోంది కదా మాస్టారూ, ఆ ముసలి డిస్కుల్ని పనిగట్టుకుని తట్టి లేపడం దేనికి?" అని లోకనాథం ఒకనాడు దాలినాయుడు మాస్టారిని అడిగాడు. పార్వతీపురంలో పల్లె గాయకుల గొంతులు దాచే చిన్న పాటల భాండారం అది. అతను అక్కడ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

మూలన పడి ఉన్న, చురుగ్గా నడిచే రెండు ఎస్‌ఎస్‌డీలు, కాస్త మిగులు ర్యామ్ తెచ్చి బిగించి, జనం తరచూ అడిగే పాటల నకళ్లు వాటిలో నిలిచేలా చేసింది లోకనాథమే. నత్తనడక డిస్కుల జోలికి వెళ్లే పని తప్పింది. అందరూ మెచ్చుకునేసరికి అతని కాళ్లు నేలమీద నిలవలేదు. మాస్టారు మాత్రం వారం వారం ఎవరూ అడగని పాట ఒకటి పాత డిస్కు నుంచే తెప్పించుకుని చివరిదాకా వినేవారు. ఆయన జబ్బుపడి ఇంటిపట్టున ఉన్న కొన్ని నెలలూ లోకనాథం ఆ చాదస్తాన్ని మానేశాడు.

మాస్టారు కోలుకుని వచ్చి మళ్లీ పాత డిస్కు తెరవబోతే అడిగిన మాట అది. ఇంతలో సన్యాసమ్మ వచ్చింది. ఆమె భర్త జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాడు, అతని పాట ఈ భాండారంలోనే ఉంది; అతను పోయి చాలా ఏళ్లయింది.

"మా ఆయన గొంతు ఓపాలి ఇనిపించండి బాబూ. రూపు గుర్తుంది గానీ గొంతు మర్సిపోతన్నాను."

"నువ్వే వినిపించు," అన్నారు మాస్టారు లోకనాథంతో.

తెరమీద పేరు వచ్చింది, పాట రాలేదు. ఎవరూ అడగనిది ఎస్‌ఎస్‌డీల్లో ఎందుకుంటుంది? పాత డిస్కు కిర్రుమని ఆగిపోయింది. డిస్కు పోతే పనికొస్తుందని వేరే దాచిన నకలు తీస్తే, అదీ డిస్కు చెడ్డాక పాతదాన్ని చెరిపి తీసిందే. ఆ పాట ఉండాల్సిన చోట ఉత్త గరగర. పాపం, ఆవిడ ఆ గరగరనే చెవి ఒగ్గి కాసేపు విన్నది.

"నువ్వేటి సేస్తావులే బాబూ. ఆయనున్నన్నాళ్లూ నానూ ఇన్నేదు, పొయ్యికాడ పనే సరిపోయింది," అని లేచి వెళ్లిపోయింది.

లోకనాథం వెళ్తున్న ఆమెవైపు తలెత్తి చూడలేకపోయాడు. "ఎప్పుడు చెడిందో తెలియలేదు మాస్టారూ. అడిగినవన్నీ ఎస్‌ఎస్‌డీల్లోంచే వచ్చాయి, ఒక్కరోజు కూడా ఒక్క పాటా ఆగలేదు."

మాస్టారు ఆ గరగరను ఆపేశారు.

"అంతా సవ్యంగా ఉందని నాకు ఇంటికి కబురు చేసేవాడివే," అన్నారు, "ఆ రోజుల్లోనే అయ్యుంటుంది."