పొయ్యిలో పిల్లి, మీసం మీద నిమ్మకాయ

దుప్పటి లాక్కోకండర్రా, అందరికీ సరిపోతుంది. ధరణీ, నువ్వీ పక్కకి రా. శశీ, కాళ్ళు కడుక్కున్నావా? అబద్ధం చెబితే కథ మధ్యలో ఆగిపోతుంది, తర్వాత నీ ఇష్టం. సరే, వెళ్ళి కడుక్కునే రా. కథ ఎక్కడికీ పారిపోదు.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదు, మూడు వీధులూ ముప్పై ఇళ్ళూ, ఆ ఊళ్ళో పోలమ్మ అని ఒకావిడ ఉండేది. మంచి మనిషే, కానీ భయం మనిషి. తుమ్మితే ఆగేది. ఆగితే కూర్చునేది. కూర్చుంటే నీళ్ళు తాగేది. నీళ్ళు తాగితే పొలమారి మళ్ళీ తుమ్మేది. ఆవిడ పక్కవీధికి వెళ్ళి రావాలంటే పొద్దు గూకిపోయేది.

ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, పెంచలయ్య. వాడికి అబద్ధం చెప్పడం రాదు, నిజం ఎప్పుడు చెప్పాలో తెలీదు. వాడి పెళ్ళాం చెంగమ్మ. ఆ ఇంట్లో ముగ్గురికీ కలిపి దేవుడిచ్చిన తెలివంతా చెంగమ్మ దగ్గరే ఉండేది. అలా అని ఆ పిల్ల ఎప్పుడూ అననే లేదు, అదీ తెలివే.

ఊ కొడుతున్నారా? ఏదీ, నాకు ఒక్క ఊ కూడా వినపడలేదే. ఆ, అలాగ.

ఆ ఊళ్ళో ఒక బూడిదరంగు పిల్లి మూడు కూనల్ని పెట్టింది. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఇదీ తిప్పింది. మొదటింట్లో చీపురు తీశారు. రెండో ఇంట్లో చేట తీశారు. మూడో ఇంట్లో కవ్వం తీశారు. నాలుగో ఇంట్లో తెడ్డు తీశారు. ఐదో ఇంట్లో చెప్పు తీశారు. ఆరో ఇంట్లో చేతికేం దొరక్క, ముసలాయన బోసినోటితో కుక్కలాగ మొరిగాడు. ఏడో ఇల్లు మన పోలమ్మ ఇల్లు. అర్ధరాత్రి చప్పుడు లేకుండా దూరి, గోరువెచ్చగా ఉన్న పొయ్యిలో, మెత్తటి బూడిదలో, కూనల్ని పడుకోబెట్టి తనూ పడుకుంది.

తెల్లారి చెంగమ్మ బూడిద ఎత్తడానికి వంగితే, బూడిద కళ్ళు తెరిచి చూసింది.

పోలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏడో ఇల్లు కూడా అయిపోయిందే, ఇక ఇది ఎక్కడికి పోతుందే, కూనలకేమన్నా అయితే ఆ పాపం మనకి చుట్టుకోదా అని గుండెలు బాదుకుంది. పిల్లి పాపం పోవాలంటే బంగారు పిల్లిని దానం చెయ్యాలి మరి. "మనింట్లో బంగారం అంటే నా ముక్కుపుడకే. దాన్ని కరిగిస్తే పిల్లి మీసం కూడా రాదు!" అని, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు పెట్టేసింది. పిల్లి దానంతటది లేచేదాకా ఈ పొయ్యి వెలగకూడదు, అంతే.

బయట మూడు రాళ్ళు పెట్టి వండుకోవచ్చుగా అంటావా శశీ? మండు వేసవిరా, ఊరంతా పూరిళ్ళు. ఆరుబయట నిప్పు ముట్టించకూడదని దండోరా వేశారు. మీరూ అగ్గిపుల్లల జోలికి వెళ్ళకండి, చెబుతున్నాను.

మొదటి రోజు చద్దన్నం తిన్నారు. రెండో రోజు అటుకులు నానబెట్టుకుని తిన్నారు. మూడో రోజుకి ఇంట్లో మిగిలినవి పెరట్లో పండిన కర్బూజాలూ, చెట్టున నాలుగు దోరమామిడికాయలూ, డబ్బాలో ఖర్జూరాలూ, పొయ్యి పైన తాడుకి వేలాడుతున్న ఉప్పుకండాలూ. ఉప్పుకండమంటే పచ్చిమాంసం కాదమ్మా. మాంసాన్ని మెత్తగా ఉడికించి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి దాచుకున్నది. వానాకాలానికని దాచుకునేవాళ్ళు.

ఇక రాజుగారి సంగతి. ఆ దేశపు రాజుకి మీసాలంటే ప్రాణం. ఇంతింత మీసాలు! వాటి మీద అటొక నిమ్మకాయ, ఇటొక నిమ్మకాయ నిలబెట్టుకుని సభకి వచ్చేవాడు. అందుకే మీసాలరాజన్నారు. పక్కదేశపు రాజుకి మీసం మొలవనే లేదు. పాలు పూశాడు, పసరు పూశాడు, గుర్రంతోక వెంట్రుకలు అతికించుకుంటే తుమ్మినప్పుడు ఊడి పాయసంలో పడ్డాయి. ఆయన నున్నటిరాజు. ఆ మీసాలు చూసినప్పుడల్లా ఆయనకి కడుపు మండిపోయేది.

ఒకసారి నున్నటిరాజు చుట్టపుచూపుగా వచ్చాడు. మీసాలరాజు గొప్పగా చెప్పాడు: "బావా, నా రాజ్యంలో పొయ్యిలో పిల్లి లేవని ఇల్లు ఒక్కటి లేదు." ఉంటే, అన్నాడు నున్నటిరాజు. ఉంటే నా మీసం గొరిగించుకుంటా, అన్నాడు మీసాలరాజు. అనేశాక నాలుక కరుచుకున్నాడు గానీ, రాజు మాట రాజు మాటే. షరతు ఒక్కటే: ఏ ఇంట్లో ఆగితే ఆ ఇంట్లో ఉన్నదే పెట్టాలి, పక్కింటి నుంచి తేకూడదు.

నున్నటిరాజు మర్నాడే బయల్దేరాడు. కత్తి కట్టుకోవలసిన చోట కత్తెర కట్టుకున్నాడు.

ఏంటి ధరణీ? పొయ్యిలో పిల్లి లేవకపోవడం ఏంటా? వంట చెయ్యని ఇంట్లో పొయ్యి చల్లగా ఉంటుంది, పిల్లి హాయిగా అందులోనే పడుకుంటుంది. అందుకని, పాపం వండుకోవడానికి గింజ కూడా లేని ఇంటిని పొయ్యిలో పిల్లి లేవని ఇల్లంటారు. అది సామెత. అందులో పిల్లి ఉండదు. కానీ మన పోలమ్మ ఇంట్లో ఉంది. అదే వచ్చిన తంటా!

తిరిగి తిరిగి ఒకనాటి పొద్దున్నే ఇద్దరు రాజులూ మన పోలమ్మ ఊరి పక్క గుట్టెక్కి చూశారు. ఈ ఇంటి నుంచి పొగ, ఆ ఇంటి నుంచి పొగ, ఇరవై తొమ్మిది ఇళ్ళ నుంచి పొగ. ఒక్క ఇంటి నుంచి లేదు. భటుణ్ణి పంపారు. అరుగు మీద పెంచలయ్య కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో పొగ లేదేం?"

"మా పొయ్యిలో పిల్లి లేవలేదండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు రోజుల నుంచండీ. లేచేలా కూడా లేదండీ. హాయిగా ఉందండీ."

భటుడు తలపాగా జారిపోతున్నా ఆగకుండా గుట్ట మీదికి పరుగెత్తాడు. నున్నటిరాజు కత్తెర తీసి గాలిలో కచకచలాడించాడు. మీసాలరాజు ముఖం పాలిపోయింది. గుట్ట దిగి గబగబా వచ్చి, గుమ్మంలో నిలబడి చెంగమ్మతో గట్టిగా చెప్పాడు: మేము అతిథులం, మాకేమన్నా పెట్టు. పెట్టావా, సరే. పెట్టకపోతే నా మీసం పోతుంది. నా మీసం పోతే మీ ముగ్గురూ, మీ పిల్లీ, ఈ ఊళ్ళోనే ఉండరు!

పోలమ్మ తుమ్మింది. ఆగింది. కూర్చుంది.

చెంగమ్మకి ముందు పిల్లే గుర్తొచ్చింది. ఏడిళ్ళు తిరిగిన బాలింతని ఎత్తుకుని ఏ ఊరు పోతుంది పాపం? కానీ ఆ బెంగ పైకి కనపడనివ్వలేదు. దయచెయ్యండి దొరా అని మంచం వాల్చింది, కాళ్ళకి నీళ్ళిచ్చింది, విసనకర్రలిచ్చింది. ఒక్క ఘడియ ఓపిక పట్టండి అని లోపలికొచ్చి నిలబడింది.

పొయ్యి వెలిగిద్దామంటే పిల్లి ఉంది. పిల్లిని లేపుదామంటే కూనలున్నాయి. కూనల్ని తీద్దామంటే అత్త ఉంది. అత్తని కాదందామంటే ఒట్టు ఉంది. ఒట్టు తీసి గట్టు మీద పెడదామంటే గడపలో రాజులున్నారు. రాజుల్ని పొమ్మందామంటే కత్తెర ఉంది!

ఏదీ, మీరూ అనండి. కత్తెర ఉంది... రాజులున్నారు... ఒట్టు ఉంది... ఆ! శశీ, అత్తని మర్చిపోయావు. అత్తని మర్చిపోతే ఎలారా?

చెంగమ్మ తలెత్తి చూసింది. పైన తాడుకి ఉప్పుకండాలు. కింద చూసింది. గంపలో పళ్ళు. మళ్ళీ పైన చూసింది, మళ్ళీ కింద చూసింది. పైనదీ కిందదీ కలిపితే ఏమవుతుందీ అనుకుంది. అంతే! ముందు చేతులు కడుక్కుంది. విన్నారా? ముందు చేతులు.

స్టూలెక్కి, పిల్లి మీద నుంచి మెల్లిగా తాడు విప్పింది. కారం పొడి రాలి పిల్లి "హచ్" మంది. "పిల్లి తుమ్మిందే, ఆగవే!" అని పోలమ్మ. "తుమ్మింది పిల్లి అత్తా, ఆగాల్సింది కూడా పిల్లే. అది ఆగే ఉందిగా!" అని చెంగమ్మ. పోలమ్మకి ఆ లెక్క బాగానే ఉన్నట్టనిపించింది.

ఉప్పుకండాల్ని రోట్లో వేసి, పత్తి ఏకినట్టు నారనారగా వచ్చేదాకా దంచింది. కర్బూజాని నెలవంకల్లా కోసింది. కత్తి పెద్దవాళ్ళే పట్టుకోవాలి, చెంగమ్మ పెద్దదే. ఒక్కో నెలవంకకీ ఆ మాంసపు నార పంచె కట్టినట్టు చుట్టి, జారకుండా ఈనెపుల్ల గుచ్చింది. దోరమామిడి ముక్కల మీద మిరియాలపొడి చల్లి, పైన చిటికెడు మాంసం పెట్టింది. ఆ పుల్ల నోట్లో పెట్టుకుని మాత్రం పరుగెత్తకూడదు. నేను రాజులకి కూడా ఇదే చెబుదును.

ఖర్జూరాలు మొగుడికిచ్చింది. గింజ తీసి, ఆ చోట మాంసం కూరమంది. పెంచలయ్య బుద్ధిగా గింజ తీశాడు, మాంసం కూరాడు, గింజని పారెయ్యడం ఎందుకని మళ్ళీ లోపల పెట్టేశాడు! "ఏం మనిషివయ్యా! రాజుగారి పన్ను విరిగితే?" అంది చెంగమ్మ. "గింజ తియ్యమన్నావు, పారెయ్యమన్నావా?" అన్నాడు. పాపం, నిజమే. ముప్పై ఖర్జూరాలూ మళ్ళీ విప్పి, ముప్పై గింజలూ లెక్కపెట్టి మరీ తీసింది. గింజ గొంతులో పడితే ఎంత ప్రమాదం!

అంతా అయ్యాక నాలుక మీద కొంచెం వేసుకుని చూసింది. తీపి ఉంది, ఉప్పు ఉంది, కారం ఉంది. మామిడి పులుపు మాత్రం చాల్లేదు. ఇంట్లో చింతపండు కూడా అయిపోయింది.

సరాసరి వంటింట్లోంచి బయటికొచ్చి మీసాలరాజు ముందు చెయ్యి చాపింది. "దొరా, మీ ఎడమ మీసం మీది నిమ్మకాయ ఒకసారి ఇస్తారా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ రాజుని ఎవరూ అలా అడగలేదు. నున్నటిరాజు గంతేశాడు. "అది బయటిది! షరతు తప్పింది!"

"గడప దాటి, కాళ్ళు కడుక్కుని, మంచమ్మీద కూర్చున్నాక మీరు మా ఇంటివాళ్ళు కాదా దొరా? మీరు మావాళ్ళైతే మీ మీసమూ మాదే, దాని మీది కాయా మాదే" అంది చెంగమ్మ.

నున్నటిరాజు మళ్ళీ మంచమ్మీద కూర్చున్నాడు. మీసాలరాజు నిమ్మకాయ తీసి ఇచ్చాడు. ఎడమ మీసం టింగుమని పైకి లేచింది, కుడి మీసం కాయ బరువుకి కిందికి దిగింది. సంతలో తక్కెడలాగ అయిపోయింది ఆయన మొహం. నవ్వకుండా ఉండడానికి భటులు గోడవైపు తిరిగారు.

చెంగమ్మ నిమ్మకాయ పిండి, అరిటాకుల్లో సర్ది తెచ్చింది. నున్నటిరాజు మూతి తిప్పాడు. ఇదేం తిండి, పొగ లేదు, పొయ్యి లేదు, ఒక్కటి నాలుక మీద వేసుకుని ఊసేస్తానన్నాడు. వేసుకున్నాడు. ఊసెయ్యలేదు. కర్బూజా చల్లగా కరిగింది, మాంసం కరకరమంది, కారం చురుక్కుమంది, పులుపు జిల్లుమంది. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాడు. ఆగకుండా తొమ్మిదోది తిన్నాడు. ఖర్జూరాల ఆకు తన వైపు లాక్కున్నాడు. చివరికి మంచం కిర్రుమనేలా వెనక్కి వాలి, "బ్రేఏఏవ్" మని తేన్చాడు.

అప్పుడు పందెం గుర్తొచ్చింది. లేచి వంటింట్లోకి తొంగి చూశాడు. పొయ్యిలో పిల్లి! నిజం పిల్లి! "లేవలేదు! మీ అందరి సాక్షిగా లేవలేదు! గెలిచాను!" అని కత్తెర తీశాడు. మీసాలరాజు రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు.

చెంగమ్మ అడ్డంగా నిలబడింది. "దొరా, సామెతలో పిల్లి ఊరికే ఉంటుంది. లేనిది తిండి. మా ఇంట్లో పిల్లి ఉంది, తిండీ ఉంది. నా మాట నమ్మకపోతే మీ పొట్టనడగండి."

పొట్టని అడగక్కర్లేకపోయింది. అదే చెప్పింది. "బ్రేఏఏవ్!"

ఇంటి ముందు చేరిన ఊరంతా పకపకా నవ్వింది. నున్నటిరాజు కత్తెర జారవిడిచి, మళ్ళీ మంచమ్మీద కూలబడి, చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకున్నాడు. నాకెలాగూ మీసం రాదు, కనీసం ఆయనదన్నా పోతుందనుకున్నాను, అని గొణిగాడు.

అప్పుడు లేచిందర్రా పిల్లి! మూడు రోజుల తర్వాత, దానంతటది. ఒక నల్లకూనని నోట కరుచుకుని, దూది మీద అడుగులేసినట్టు మెత్తగా నడుచుకుంటూ వచ్చి, ఆ కూనని నున్నటిరాజు గుండెల మీద వదిలింది. ఆయన మూతికి ఇంకా మాంసం వాసన ఉంది కదా, కూన పాక్కుంటూ పైకెక్కి, పైపెదవి మీద అడ్డంగా పడుకుని నిద్రపోయింది. తల ఒక చెంప మీద, తోక ఇంకో చెంప మీద. నిండైన, నల్లటి, బొద్దు మీసం!

పెంచలయ్య అద్దం తెచ్చి చూపించాడు. ఆ రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూన లేస్తుందేమోనని నవ్వను కూడా లేదు. కూన పాలు మానాక మనిషిని పంపించి మరీ తెప్పించుకున్నాడు. మీసాలరాజు చెంగమ్మకి దండం పెట్టి, రెండో నిమ్మకాయ కూడా ఇచ్చేసి వెళ్ళాడు. చీపురూ, చేటా, కవ్వం, తెడ్డూ, చెప్పూ తీసినవాళ్ళంతా, మొరిగిన ముసలాయనతో సహా, ఆ తిండి ఎలా చేశావమ్మా అని అడగడానికి వరసలో నిలబడ్డారు. చెంగమ్మ చెప్పింది గానీ, ముందు పిల్లికి పాలు తెమ్మంది.

పోలమ్మ మాత్రం పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. "పిల్లి లేచిందే, ఒట్టు తీరిందే, అన్నం వండు!" అనేలోపల పిల్లి వెనక్కొచ్చి, మిగిలిన కూనల్ని దగ్గరికి లాక్కుని మళ్ళీ అక్కడే ముడుచుకుంది. "లేచి మళ్ళీ పడుకుందే! ఇప్పుడు ఒట్టు ఉన్నట్టా, పోయినట్టా?"

"నాకేం తెలుసు అత్తా, ఇంకో కర్బూజా కోస్తాను" అంది చెంగమ్మ.

కాబట్టి ఏం తెలిసింది? ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టడానికి పొయ్యే వెలగాలని లేదు, ముఖం వెలిగితే చాలు. ఇంకా, తల్లి కూనల్ని మోసుకుంటూ వస్తే అది మొదటిల్లో ఏడోదో చూడకుండా చోటివ్వాలి.

ఏంటి శశీ? మన పొయ్యిలో పిల్లి లేచిందా? మనది గ్యాసు పొయ్యిరా, పిల్లి పట్టదు. అయినా రేపు పొద్దున చూద్దాంలే. కథేమో కంచికి, పిల్లేమో పొయ్యిలోకి, మనమేమో దుప్పట్లోకి.