పక్క బస్సులో రుమాలు

విశ్వపతి గారు ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. "చూద్దాంలే, పద" అంటారు, అంతే. కాకినాడలో ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నవాళ్ళంతా ఆ మాటకి మొదట్లో తల పట్టుకున్నవాళ్ళే, తరవాత ఆయన పేరు తలుచుకుని చేతులు జోడించినవాళ్ళే. గోవర్ధన్ చేతులు జోడించిన రోజు సంగతి ఇది.

"గురువుగారూ, సత్రం సగం ఖాళీగా పెట్టుకుని గది లేదనడం ఎక్కడైనా ఉందాండీ?" అని అడిగాడతను ఆ పొద్దున, ముఖం వేలాడేసుకుని.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రివాళ్ళ కోసం అతను క్లౌడ్ మీద పనిచేసే ప్లగిన్, అంటే పెద్ద ప్రోగ్రాముకి తగిలించే చిన్న ప్రోగ్రాము, ఒకటి రాశాడు. వాళ్ళు కొత్త విభాగం తెరిచినప్పుడల్లా అక్కడి కంప్యూటర్లకి అడ్రసుల వరుస ఒకటి కేటాయించడం దాని పని. అడ్రసు లేని కంప్యూటరు ఉన్నా లేనట్టే, ఎవరి మాటా దానికి అందదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన అడ్రసుల్లో సగం కూడా వాడకంలో లేవు. అయినా కొత్తగా కట్టిన పిల్లల వార్డుకి ఒక వరుస కావాలని అడిగితే, "ఖాళీ లేదు" అని ప్లగిన్ మొండికేసింది. సాయంత్రంలోగా తేలకపోతే మీది తీసేసి వేరేవాళ్ళది పెట్టుకుంటామని ఆసుపత్రివాళ్ళు ఫోన్లో చెప్పేశారు. తిండీ నిద్రా మానుకుని రాసిన మొదటి పని అది. అదే పోతే ఇంక తనని నమ్మి ఎవరు పని అప్పగిస్తారని గోవర్ధన్ దిగులు.

"తప్పు నా ప్లగిన్‌లో లేదండి. ఒక వరుస దగ్గర ఆలస్యమైతే అది చేతులు ముడుచుకు కూర్చోదు, చటుక్కున ఇంకో వరుస పట్టుకుంటుంది. అంత చురుగ్గా రాశాను. వెళ్ళి, ఇంకాసిని అడ్రసులు ఇమ్మని వాళ్ళనే అడుగుదామండి."

"చూద్దాంలే, పద" అన్నారు విశ్వపతి గారు, చెప్పులు వేసుకుంటూ.

బస్టాండులో జనం కిక్కిరిసి ఉన్నారు. రాజమండ్రి బస్సు రావడమే ఆలస్యం, గోవర్ధన్ పరిగెత్తి కిటికీలోంచి సీటు మీదికి జేబురుమాలు విసిరాడు. మన జిల్లాల్లో దాన్ని మించిన రిజర్వేషన్ ఏముంది! తీరా చూస్తే తలుపు దగ్గర తోపులాట, పెద్దాయనతో ఎక్కడం అయ్యే పని కాదు. ఇంతలో పక్కనే ఇంకో రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. గోవర్ధన్ చటుక్కున దాని కిటికీలోంచి సంచీ వేసి, గురువుగారిని ఎక్కించి, తానూ కూర్చుని, "ఎలా పట్టానండీ సీట్లు!" అన్నాడు. ఎంత దిగులులో ఉన్నా ఆ మాత్రం గొప్ప చెప్పుకోకుండా ఉండలేకపోయాడు.

విశ్వపతి గారు కిటికీలోంచి పక్క బస్సువైపు చూస్తున్నారు.

"అబ్బాయ్, ఆ చంటిపిల్లని ఎత్తుకున్నావిడ పక్కనే సీటు ఖాళీగా ఉంది కదా. ఎందుకు నిలబడిందంటావ్?"

"ఎవడో రుమాలు వేసి పోయుంటాడండి. కొందరికి బొత్తిగా బుద్ధుండదు" అంటూ గోవర్ధన్ తొంగిచూశాడు. నీలం గళ్ళ రుమాలు. మూలన తన చెల్లెలు ఎర్రదారంతో కుట్టిన పువ్వు.

ఒక్క ఉదుటున దిగి, ఆ బస్సులో జనాన్ని తోసుకుంటూ వెళ్ళి రుమాలు తీశాడు. "కూర్చోండమ్మా" అన్నాడు, తలెత్తకుండా.

"చల్లగా ఉండు బాబూ! తీస్తే ఎవరేమంటారోనని ఊరుకున్నాను" అంటూ ఆవిడ కూర్చుని పిల్లని ఒళ్ళో వేసుకుంది. అంత మంచి మాటకి తాను తగనని గోవర్ధన్ సిగ్గుతో చితికిపోయాడు.

తిరిగొచ్చి కూర్చుని రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరు దాటాక ఉన్నట్టుండి, "అయ్యో! నా ప్లగిన్ కూడా ఇంతేనండీ!" అని కేకేశాడు. ముందు సీట్లోవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. ఒక వరుస పట్టుకోవడం, అక్కడ ఆలస్యమైతే ఇంకోటి పట్టుకోవడం. మొదటిదాన్ని వదిలెయ్యమని మాత్రం తాను ఎక్కడా రాయలేదు. వాడకుండా పట్టి ఉంచిన వరుసలతోనే సత్రమంతా నిండిపోయింది. ఒళ్ళో ల్యాప్‌టాప్ తెరిచి, అనపర్తి దాటేసరికి ఆ నాలుగు ముక్కలూ రాసేశాడు.

ఆసుపత్రిలో ఎవరినీ అదనంగా ఒక్క అడ్రసు అడగలేదు. "తప్పు నాదేనండి" అని ముందే చెప్పి, ఊరికే పట్టి ఉంచిన వరుసలన్నీ విడిపించాడు. పిల్లల వార్డు కంప్యూటర్లు ఒకటొకటిగా పలికాయి. అక్కడి అధికారిణి నవ్వి, "ఇదే ఉంచుకుంటాం లెండి. తప్పు ఒప్పుకున్నవాళ్ళని ఈమధ్య చూళ్ళేదు" అంది.

తిరుగు ప్రయాణంలో బస్టాండుకి వచ్చాక గోవర్ధన్ ఇక ఆగలేకపోయాడు. కళ్ళనీళ్ళు తిరుగుతుండగా రెండు చేతులూ జోడించాడు.

"ఆ రుమాలు నాదని మీకు ముందే తెలుసు కదండీ. నలుగురిలో ఒక్క మాట అనకుండా నా పరువు కాపాడారు. మీ మేలు ఈ జన్మకి మరిచిపోను గురువుగారూ."

విశ్వపతి గారు అతని చేతులు పట్టుకుని కిందికి దించారు.

"రుమాలు నేనెక్కడ చూశాను నాయనా? నాకు కనిపించింది ఆ నిలబడ్డావిడ."