తెలియనివాటి గంప

సలోమికి రెండేళ్లుగా ఒకటే బాధ. కోడిపిల్లను చేతిలోకి తీసుకుని పెట్టో పుంజో చెప్పడంలో ఆ హేచరీలో ఆమెంత చురుకైనవాళ్లు లేరు. అయినా పని నేర్పిన ఖాసిం సాయిబు తన పీట వదలడు. చూపు మందగిస్తోంది కదా, పీట ఎవరికిస్తావని ఓనరు అడిగితే, "సలోమికి ఇంకా టైముంది" అన్నాడట. ఒళ్లు మండదూ మరి?

హేచరీ హాలు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పసుప్పచ్చ దీపాలు, గాల్లో తేలే నూగు, ఆగని కిచకిచలు. కాసేపు కూర్చుంటే పొద్దెక్కడుందో తెలియదు. మెలకువో కలో కూడా తెలియదు.

ఆ మత్తులోనే ఖాసిం సాయిబు ఏదో జపించుకుంటూ, నిన్న గుడ్డు పగిలి వచ్చిన పిల్ల రెక్క విప్పి చూస్తాడు. ఈకలు ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా ఉంటే పెట్ట, కుడి గంపలోకి. సమంగా ఉంటే పుంజు, ఎడమ గంపలోకి. ఎడమ గంప మధ్యాహ్నానికి రంగునీళ్ల తొట్టి దగ్గరికి పోతుంది. ఎరుపో ఆకుపచ్చో అద్ది సంతల్లో అమ్ముతారు. పాపం, వారం బతికితే గొప్ప.

ఆయన వెనకాల ఇంకో చిన్న గంప ఉంటుంది. అంతుపట్టనివన్నీ అందులోకి. వాటిని సాయంత్రం ఇంటికి తీసుకుపోయి పెంచుతాడు.

ఒకరోజు సలోమి అడిగేసింది.

"తాతా, నలభై ఏళ్లైంది కదా, నీకింకా అనుమానాలేంటి? నాకు రెండేళ్లకే పోయాయి."

ఆయన వెనక్కి తిరిగాడు. చిన్న గంప తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"చెప్పమ్మా."

పద్నాలుగు పిల్లలు. సలోమి ఎక్కడా ఆగలేదు. పెట్ట, పెట్ట, పుంజు... చకచకా చెప్పేసింది. తొమ్మిది పెట్టలు, ఐదు పుంజులు. ఆమె పెట్ట అన్నదాని కాలికి సాయిబు ఎర్రదారం కట్టాడు, పుంజు అన్నదానికి నల్లదారం. గంప ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ సంగతి సలోమి మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. కాళ్లు లావెక్కుతుంటే వారం వారం ఆ దారాలు విప్పి వదులుగా కట్టుకుంటూ వచ్చాడు. రంగు మాత్రం మార్చలేదు.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తున్న సలోమిని దొడ్లోకి పిలిచాడు. మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లదనంలో కోళ్లు నడుస్తున్నాయో తేలుతున్నాయో తెలియడం లేదు.

"ఎట్లా పెరిగాయో చూడమ్మా."

సలోమి గొంతుకూర్చుని ఒకదాన్ని పట్టుకుంది. రొమ్ము తడిమింది, కాళ్లు చూసింది.

"బాగా కండ పట్టింది తాతా, బరువు కూడా..."

మాట ఆగిపోయింది. కాలికి ఎర్రదారం. తలమీద ఎర్రగా, ఇంత తురాయి. అది మెడ సాచి, రానిరాని గొంతుతో కూయబోయింది.

"అయ్యో, ఇదేంటి!" అని నవ్వింది సలోమి. అప్పుడే నల్లదారాలవైపు చూపు పోయింది. మూడింటికి తురాయి చిన్నగా, పాలిపోయి ఉంది. మూడూ పెట్టలే. సలోమి నవ్వు చచ్చిపోయింది. ఒకదాన్ని తెచ్చి గుండెకి అదుముకుంది.

"తాతా, వీటిని రంగునీళ్లకి పంపేసేదాన్ని కదా నేను" అంది. కళ్లనిండా నీళ్లు. "పెట్టలని నీకు ఆ రోజే తెలుసా?"

"నాకేం తెలుసమ్మా?" అన్నాడు సాయిబు, నూకలు చల్లుతూ. "ఇప్పుడు అవే చెప్తున్నాయి."

సోమవారం ఆయన తన పీట సలోమి వైపు జరిపి, వెళ్లి గోడకి చేరగిలబడ్డాడు. సలోమి భయంభయంగా కూర్చుంది. ఐదో పిల్ల దగ్గరో ఆరో పిల్ల దగ్గరో చెయ్యి ఆగింది. అటుగా వచ్చిన మేనేజరు నిలబడ్డాడు.

"ఏమ్మా, ఆగావేం? పెట్టా, పుంజా?"

సలోమి ఆ పిల్లను దీపం కిందికి తెచ్చి మళ్లీ చూసింది. రెక్క విప్పి ఇంకోసారి చూసింది.

"తెలియడం లేదండీ" అంది.

గోడవారన ఖాసిం సాయిబు హాయిగా కళ్లు మూసుకున్నాడు.