కార్లు రాని ఆదివారం

పల్లాలమ్మ ఇంట్లో అయిదుగురికీ తెలివి ఎక్కువే. ఆ మాట ఊళ్లో ఎవరూ అనరు, వాళ్లే అనుకుంటారు. "దేవుడు బుర్రంతా మన ఇంట పోసి, మిగిలింది ఊరికి పంచాడ్రా" అని పల్లాలమ్మ కొడుకులకి రోజూ చెబుతుంది. బుల్లియ్య, తాతబ్బాయి, ఇద్దరు కోడళ్లూ బుద్ధిగా తలూపుతారు.

ఆ బుర్రలకి పెద్ద కష్టం వచ్చింది. బస్టాండు ముందు కాలవ తవ్వేసరికి వాళ్ల పెసరట్ల బండికి చోటు పోయింది. మూడు వారాలుగా పెనం పొయ్యి ఎక్కలేదు. అంతలో మునిసిపాలిటీ ఆటో మైకు పెట్టుకుని వచ్చింది. "ఆదివారం ఆరు నుంచి పది దాకా గడియారం వీధిలో కార్లు ఉండవు! చక్రమున్నదేదీ రాకూడదు! జనం చీటీలు వేసి మెచ్చిన తినుబండారాల వాళ్లకి ప్రతి ఆదివారం చోటు ఖాయం!"

"మన బండికి చక్రాలున్నాయే!" అని బుల్లియ్య గుండె బాదుకున్నాడు.

"పీకేయరా, అదెంత పని!" అంది పల్లాలమ్మ.

అంతే. నాలుగు చక్రాలూ పీకేసి, బండికి వెదుళ్లు కట్టి, కొడుకులూ కోడళ్లూ భుజాలకెత్తుకున్నారు. పొయ్యి వెలుగుతూనే ఉంది. పల్లాలమ్మ అట్లకాడ పట్టుకుని ముందు నడిచింది. దారిలో ఒకావిడ అది ఏ అమ్మవారి ఊరేగింపో అనుకుని కొబ్బరికాయ కొట్టింది. మన వాళ్లు ఆ చెక్కల్ని చట్నీకి దాచుకున్నారు.

వీధి మొదట్లో తాడు కట్టి, పైన గుడ్డ మీద రాశారు: "నేడు ఈ వీధి నడిచేవారికి మాత్రమే." తాతబ్బాయి కూడబలుక్కుని చదివాడు.

"విన్నార్రా? నిలబడ్డామంటే గెంటేస్తారు" అంది పల్లాలమ్మ.

ఇంకేముంది! బండి ఆగలేదు. గడియారం దగ్గర పిండి పోస్తే, బట్టల కొట్టు దగ్గర అట్టు తిరగబడింది, వీధి చివర విస్తట్లో పడింది. తినేవాళ్లు విస్తరాకు పట్టుకుని వెనక పరుగు. తాడాట ఆడుతున్న పిల్లలు ఆట మానేసి వెంటపడ్డారు. రిటైరైన మేష్టారొకాయన అల్లప్పచ్చడి కోసం అయిదుసార్లు వీధి చుట్టొచ్చారు.

"కాస్త ఆగమ్మా తల్లీ!" అన్నారాయన రొప్పుతూ.

"ఆగితే తప్పండి, మేష్టారూ! మీకు చదువొచ్చు కదండీ, ఆ గుడ్డ మీద చూసుకోండి" అంది పల్లాలమ్మ.

జనం నవ్వీ నవ్వీ చీటీలన్నిటి మీదా వాళ్ల పేరే రాసేశారు. మునిసిపాలిటీ మేడమ్ మందుల కొట్టు ముందు సుద్దతో నలుచదరంగా ఒక గడి గీసింది. "పల్లాలమ్మగారూ, ఇది మీ చోటు. వచ్చే ఆదివారం నుంచి కదలకుండా ఇందులోనే ఉండాలి. పోగొట్టుకోకండి."

పల్లాలమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. మూడు వారాల బెంగ తీరిపోయింది.

పది కొట్టింది. తాడు విప్పారు. బిలబిలమంటూ ఆటోలు వచ్చి ఆ గడి మీంచే పోయాయి. ఒక పక్క గీత సగం చెరిగింది.

"పోతోందిరా మన చోటు!" అని ఘొల్లుమంది పల్లాలమ్మ. "సాయంత్రానికి ఇంకేం మిగులుతుంది? ఇంటికి తీసుకుపోదాం పదండి!"

బుల్లియ్య తాడుతో పొడవూ వెడల్పూ కొలిచాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా తాతబ్బాయి తడిగోనెతో రోడ్డు మీది గీతలన్నీ శుభ్రంగా తుడిచేశాడు. ఇంటికెళ్లి పెరట్లో అంతే కొలతకి గడి గీసుకుని, కోళ్లు తొక్కకుండా బుట్టలు బోర్లించి, వారమంతా కాపలా కాశారు.

ఆదివారం వచ్చింది. పెరటి గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. గడిలో పొయ్యి పెట్టి, అయిదుగురూ కదలకుండా కూర్చున్నారు. అక్కడ గడియారం వీధిలో మేష్టారు విస్తరాకు పట్టుకుని, వీళ్లెక్కడా అని ఊరందర్నీ అడుగుతున్నారు. ఇక్కడ పిండి పులుస్తోంది. ఒక్కరూ రాలేదు.

పది కొట్టింది. చిన్నకోడలు బిక్కమొహం వేసింది. "ఎవరూ రాలేదేంటండీ, అత్తయ్యా?"

పల్లాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పెరడంతా కలియజూసింది. "మంచిదేగా, పిచ్చిదానా! పొద్దున్నించి ఒక్క కారైనా వచ్చిందేమో చూడు. ఇంత బాగా జరపడం మునిసిపాలిటీ తరమా?"