చిన్నాలమ్మ గుహలో ఆర్కిడ్

గుమ్మడికొండ అడవిలో, వాగుకు కాస్త ఎగువన ఉన్న రాతిగుహలో చిన్నాలమ్మ అనే ఎలుగుబంటి కాపురం ఉండేది. ఆమెకు ఒక్కగానొక్క కొడుకు బొంతు. గుహకు ఎదురుగా మద్దిచెట్టు కొమ్మను పట్టుకుని ఒక ఆర్కిడ్ మొక్క పెరిగేది. ఎండలు మొదలయ్యే వేళకు ఊదారంగు పూలు పూసేది. ఆ పూలంటే బొంతుకి ప్రాణం. ఒక వానాకాలం, గాలి హోరున వీస్తుంటే, అప్పుడే మొగ్గ వేసిందేమో చూసొస్తానని కొమ్మెక్కాడు. కొమ్మ విరిగింది. కిందపడ్డ బొంతు మళ్లీ లేవలేదు.

విరిగిన కొమ్మతోపాటు ఆర్కిడ్ కూడా నేల మీద పడింది. కొడుకును ఇంటికి తెచ్చుకోలేని చిన్నాలమ్మ ఆ మొక్కను తెచ్చుకుంది.

గుహ ముందు గుంట తవ్వి, నల్లమట్టిలో పాతి, పొద్దున్నా సాయంత్రమూ వాగునీళ్లు తెచ్చి పోసింది. ఆకులు పసుపెక్కసాగాయి. పై కొమ్మల్లోంచి చూస్తున్న కొండముచ్చు తాత ఉండబట్టలేక దిగొచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పెంచుకుంటున్నాను తాతా. ఇది పూస్తే నా బొంతు ఎక్కడున్నా చూస్తాడు."

"పెంచడం కాదు, ముంచేస్తున్నావు. ఇది చెట్టును పట్టుకుని బతికే మొక్క. దీని వేళ్లకు మట్టి పడదు, గాలి ఆడాలి. ముందు పైకి తియ్యి."

ఇద్దరూ కలిసి మట్టి కడిగారు. కుళ్లిన వేళ్లు తీసేశారు. మొక్కను ఒక బెరడుముక్కకు తీగతో కట్టి, పొద్దుటి లేత ఎండ తగిలేలా గుహ గుమ్మంలో వేలాడదీశారు.

"వేళ్లు తెల్లబడినప్పుడు నీళ్లు చల్లు. పచ్చగా ఉంటే చల్లకు. చలికాలంలో ఇంకా తగ్గించు. కాస్త చలి తగిలితేనే దానికి పూయాలని బుద్ధి పుడుతుంది" అన్నాడు తాత.

"మిగతా పొద్దంతా నేనేం చెయ్యాలి?"

"దాని జోలికి పోకుండా ఉండాలమ్మా. అదే కష్టం."

తాత చెప్పినట్టే చేసింది. చలికాలం వచ్చేసరికి ఆకులు మళ్లీ నిగనిగలాడాయి. పువ్వు జాడ మాత్రం లేదు. చిన్నాలమ్మ తిండి మరిచిపోయి మొక్కకేసి చూస్తూ కూర్చునేది. అటుగా పోతున్న నక్క ఆమె ముఖం చూశాడు. ఆమె పక్కన తినకుండా పడున్న తేనెపట్టూ చూశాడు.

"అక్కా, ఈ మొక్క అలిగింది. దాని భాష నాకొచ్చు. రోజూ వచ్చి బతిమాలి పూయిస్తాను. గొంతు ఎండిపోకుండా కాస్త తేనె ఇప్పించు చాలు."

"నిజంగా పూస్తుందా తమ్ముడూ?"

"నా మాట కాదనదు."

తాత వద్దన్నాడు. "చలి పోనీ, అదే పూస్తుంది" అన్నాడు. కానీ ఎదురుచూపుతో అలిసిపోయిన తల్లికి నక్క మాటే తియ్యగా వినిపించింది. నక్క రోజూ వచ్చి మొక్క దగ్గర ఏదో గొణిగి, తేనె నాకి వెళ్లేవాడు.

చలి తగ్గింది. చిన్నాలమ్మ ఓపిక కూడా తగ్గింది. "నేను తిరిగొచ్చేసరికి పువ్వు కనబడాలి తమ్ముడూ. లేకపోతే ఇక రావద్దు" అని చెప్పి మేతకు వెళ్లింది.

తేనె పోతుందని నక్క కంగారుపడ్డాడు. వాగు గట్టున పూసిన ఊదారంగు పువ్వొకటి తుంచుకొచ్చాడు. దాన్ని ఆకుల మధ్య గుచ్చబోతే, అక్కడ వేలంత ఆకుపచ్చ కాడ ఒకటి అడ్డొచ్చింది. 'ఇంకో పిచ్చి వేరు' అనుకుని దాన్ని పుటుక్కున తుంచి పారేశాడు. ఆ చోట పువ్వును తుమ్మజిగురుతో అతికించాడు.

చిన్నాలమ్మ తిరిగొచ్చి చూసింది. 

"పూసింది! మా బొంతు పువ్వు పూసింది!" అని అడవంతా వినబడేలా పిలిచింది. జింకలు, కుందేళ్లు, అడవికోళ్లు వచ్చాయి. కొండముచ్చు తాతా వచ్చాడు. నక్క తేనె కోసం అక్కడే ఉన్నాడు. జిగురు మరక ఆయన కంటబడింది. ఆయన నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, మూసుకున్నాడు. బొంతు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నానికి, అందరూ చూస్తుండగానే, పువ్వు తల వాల్చింది. దాహమేసిందేమోనని చిన్నాలమ్మ తడిచేత్తో మెల్లగా తాకింది. పువ్వు ఆమె అరచేతిలోకి ఊడిపడింది. దాని కింద జిగురు. జిగురు కింద పచ్చి గాయం. నేల మీద వడలిన కాడ కనిపిస్తే తీసి చూసింది. దాని కొసన కొర్రగింజలంత మొగ్గలు.

"ఇదేంటి తాతా?"

తాత వంగి దాన్ని చూశాడు. "పూల కాడమ్మా. నీ మొక్క తనంతట తానే వేసింది."

జంతువులన్నీ నక్క వైపు తిరిగాయి. "వేరనుకున్నానక్కా..." అని అతను వెనక్కి వెనక్కి జరిగాడు. చిన్నాలమ్మ పంజా ఎత్తింది. ఎత్తిన పంజాలోనే ఆ కాడ ఉంది. చూసుకుని దించేసింది.

"ఆకలిగా ఉందని అడిగితే తేనె ఊరికే ఇచ్చేదాన్ని కదరా" అంది.

నక్క తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను నిజం చెప్పినా అడవిలో ఏ గడపా అతన్ని నమ్మలేదు. కడుపు మాడి చివరికి కొండ దాటిపోయాడు.

అందరూ వెళ్లాక తాత పక్కన కూర్చున్నాడు. "మొక్క బతికే ఉందమ్మా. వచ్చే ఏడు మళ్లీ కాడ వేస్తుంది."

చిన్నాలమ్మ కొర్రగింజలంత మొగ్గల్ని గుండెకు ఆనించుకుంది.

"మొక్కకైతే వచ్చే ఏడు ఉంది తాతా" అంది.

నీతి: ఏడ్చేవాళ్లకు అబద్ధపు ఊరట చూపేవాడు, వాళ్లకు రాబోయే నిజమైన ఊరటను కూడా తుంచేస్తాడు.